లడ్డూ 41 కేజీలు దాటాడు, రోజూ వాకింగ్ చేయిస్తున్నా తగ్గడం లేదు

లడ్డూ_కర్నూలు | నవంబర్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది కర్నూలు, వెంకటరమణ కాలనీ వైపు. మా లడ్డూ లాబ్రడార్, మగ, ఆరేళ్ళు. రెండేళ్ళ కింద పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. నిన్న వ్యాక్సిన్ కోసం తీసుకెళ్తే క్లినిక్‌లో కాటా ఎక్కించారు. 41.6 కేజీలు. పోయినేడాది ఇదే నెలలో 37 ఉన్నాడు. అక్కడి డాక్టరు "పది కేజీలు తగ్గించండి" అని ఒక్క మాట చెప్పి తర్వాత వాళ్ళను పిలిచేశారు.

నాకు అర్థం కానిదేమిటంటే, వీడు పెద్దగా తినడు. పొద్దున ఒక గ్లాసు డ్రై ఫుడ్, రాత్రి చికెన్‌తో అన్నం, అంతే. మా నాన్న రెండు పూటలా వాకింగ్‌కి తీసుకెళ్తారు. అయినా మేడ మెట్లెక్కితే మధ్యలో కూర్చుంటున్నాడు. స్కూటీ మీద ముందు నిలబడి ఊరంతా తిరిగినవాడు ఇప్పుడు ఎత్తి పెట్టినా నిలబడలేడు. థైరాయిడ్ అయి ఉంటుందా? వాకింగ్ మూడు పూటలు చేస్తే సరిపోతుందా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

సప్తగిరి_సర్కిల్ | నవంబర్ 9, రాత్రి 9:52

అన్నా, తప్పు పేరు పెట్టిన రోజే జరిగిపోయింది. మా అనంతపురంలో మా సందులో ఒక కుక్క పేరు కీర. చూస్తే పురికొసలా ఉంటుంది.

సరే, జోకు పక్కన పెడితే, పైనుంచి ఒక ఫొటో తీసి పెట్టు. నడుము దగ్గర లోపలికి వంపు ఉందా, సోఫా దిండులా ఉందా చూద్దాం.

బళ్ళారి_చౌరస్తా | నవంబర్ 9, రాత్రి 10:15

లాబ్ అంటే నిండుగా ఉండాలి బ్రో. బక్కగా ఉంటే అది లాబా, ఊరకుక్కా? మాది 43 ఉండేది, తొమ్మిదేళ్ళు మహారాజులా బతికింది. డాక్టర్లు భయపెట్టేది ఖరీదైన ప్యాకెట్లు అమ్ముకోవడానికే.

వెట్_ప్రొద్దుటూరు | నవంబర్ 10, ఉదయం 6:20

బళ్ళారి చౌరస్తా గారూ, ప్యాకెట్లు అమ్ముకునేవాళ్ళు ఉన్నారు, కాదనను. నేను పశువైద్యుడిగా రిటైరై నాలుగేళ్ళయింది, నా దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. మగ లాబ్రడార్ 29 నుంచి 36 కేజీల మధ్య ఉండాలి. ఎముక పెద్దదైతే కాస్త అటూ ఇటూ. మీరు నొచ్చుకోకపోతే ఒక మాట, లాబ్రడార్‌కు తొమ్మిదేళ్ళు ఎక్కువ ఆయుష్షు కాదు.

లడ్డూ వాళ్ళకు: కాటా కంటే చెయ్యి బాగా చెబుతుంది. ఒక చెయ్యి చాచి బోర్లా పెట్టండి. దాని వెనక ఎముకల మీద రెండో చేతి వేళ్ళతో తడమండి. పల్చటి చర్మం కింద ఎముకలు తగులుతున్నాయి కదా, కుక్క పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగించి ఆ గుబ్బలు తడిమినట్టుంటే మరీ బక్క. అరచెయ్యి వైపు తిప్పి వేళ్ళ మొదట్లో నొక్కితే ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా ఉంటే లావు. మేము 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తాం. 4, 5 బాగున్నట్టు. 5 దాటాక ఒక్కో మార్కుకు 10 నుంచి 15 శాతం బరువు ఎక్కువున్నట్టు లెక్క.

మీరు రాసిన తిండితో మాత్రం కుక్క 41కి రాదు. ఇంట్లో ఎంతమంది ఉంటారు?

లడ్డూ_కర్నూలు | నవంబర్ 10, ఉదయం 8:05

ఇప్పుడే తడిమాను డాక్టర్ గారూ. ఎముకలు దొరకలేదు. గట్టిగా నొక్కితే ఎక్కడో లోపల ఉన్నట్టు అనిపించింది. వాడు మాత్రం గోకుతున్నాననుకుని వెల్లకిలా పడుకున్నాడు.

ఇంట్లో ఆరుగురం. నేను, నా భార్య, మా పాప (మూడో తరగతి), అమ్మ, నాన్న, మా జేజి (నాయనమ్మ). జేజికి 82.

వెట్_ప్రొద్దుటూరు | నవంబర్ 10, ఉదయం 8:30

ఆరుగురు. సరే. ఒక పని చేయండి. గోడ మీద పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి వంటింట్లో తగిలించండి, పక్కన పెన్ను కట్టండి. మూడు రోజులు లడ్డూ నోట్లోకి ఎవరి చేతినుంచి ఏం పోయినా రాయాలి. ఏదీ ఆపొద్దు, ఎవరినీ తిట్టొద్దు. తిడితే రాయడం మానేస్తారు, పెట్టడం మానరు.

థైరాయిడ్ సంగతి: అది తక్కువగా ఉండే కుక్కలు ఉన్నాయి. మందకొడిగా ఉంటాయి, వెంట్రుకలు పల్చబడతాయి, తోక ఎలుక తోకలా బోడిగా అవుతుంది, చలికి ఓర్చుకోలేవు. కుషింగ్స్ అని ఇంకో జబ్బు ఉంది, అందులో పొట్ట వేలాడుతుంది, నీళ్ళు విపరీతంగా తాగుతాయి, మూత్రం ఎక్కువ పోస్తాయి. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించండి, తప్పు లేదు. కానీ నా సర్వీసులో నా దగ్గరికి వచ్చిన లావు కుక్కల్లో ఎక్కువ వాటికి జబ్బు గిన్నెలోనే ఉండేది.

మోడరేటర్ | నవంబర్ 10, ఉదయం 11:10

మనుషుల థైరాయిడ్ మాత్రలు కుక్కకు ఎన్ని వేయాలో రాసిన పోస్టు తీసేశాను. ఇక్కడ మందుల డోసులు వద్దు.

ఫిజిక్స్_మాస్టారు | నవంబర్ 10, సాయంత్రం 5:45

వాకింగ్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. రెండు పూటలా అంటే ఎంత దూరం? నిమిషాలు చెప్పొద్దు, దూరం చెప్పండి.

లడ్డూ_కర్నూలు | నవంబర్ 10, రాత్రి 9:15

మాస్టారూ, మీరు అడిగాక నాన్న జేబులో నా ఫోను పెట్టి పంపాను. సాయంత్రం 45 నిమిషాలు. దూరం 1.2 కిలోమీటర్లు, పోనూ రానూ కలిపి! టీ కొట్టు దాకా వెళ్ళడం, అక్కడ కూర్చోవడం, తిరిగి రావడం. "వాడు ప్రతి స్తంభం దగ్గర ఆగుతాడు, నన్నేం చేయమంటావు" అంటున్నారు.

ఫిజిక్స్_మాస్టారు | నవంబర్ 10, రాత్రి 9:50

ఉజ్జాయింపుగా, కుక్క ఒక కిలోమీటరు నడిస్తే దాని బరువులో ఒక్కో కేజీకి ఒక క్యాలరీ ఖర్చవుతుంది. మీవాడికి కిలోమీటరుకు 40 చిల్లర. 1.2 కిలోమీటర్లకు 50. రెండు పూటలకు 100. మామూలు టీ బిస్కెట్లు 100 గ్రాములకు 450 క్యాలరీల దాకా ఉంటాయి, అంటే చిన్న బిస్కెట్ ఒక్కోటి పాతిక దగ్గర. నాలుగు బిస్కెట్లు తింటే ఆ రోజు నడకంతా చెల్లు. మూడో పూట వాకింగ్‌తో ఇంకో రెండు బిస్కెట్లు కరుగుతాయి.

నడక వద్దని కాదు. కండ నిలవాలన్నా, కీళ్ళు బిగుసుకుపోకుండా ఉండాలన్నా నడక కావాలి. పగలంతా గేటు లోపల పడుకునే కుక్కకు లావయ్యే ప్రమాదం ఎక్కువ అన్నదీ నిజమే. కాకపోతే ఎక్కిన బరువును నడక ఒక్కటే దించలేదు.

ఉరవకొండ_రైతు | నవంబర్ 11, ఉదయం 5:30

మా తోట కాడ రెండు నాటు కుక్కలున్నాయి. ప్యాకెట్ తిండి ఎట్లుంటదో వాటికి తెలీదు. సంగటి, మజ్జిగ, ఆదివారం కోడి ఎముకలు. ఒక్కదానికీ పొట్ట లేదు. అన్నం మాన్పించి రాగి సంగటి పెట్టు తమ్ముడూ, నెలలో దిగుతాడు.

ఫిజిక్స్_మాస్టారు | నవంబర్ 11, ఉదయం 7:10

అన్నా, సంగటి మీద నాకూ ప్రేమే. కానీ 100 గ్రాముల రాగి పిండిలో ఉన్న క్యాలరీలు, 100 గ్రాముల బియ్యంలో ఉన్నవి దాదాపు సమానం. మీ సంగటిలో బియ్యం కూడా పడుతుంది. మీ కుక్కలు రోజుకు ఎంత తిరుగుతాయి?

ఉరవకొండ_రైతు | నవంబర్ 11, ఉదయం 7:40

గొర్రెల వెంబడి పోతాయి. పొద్దున పోతే మాపటికి. పది పదిహేను కిలోమీటర్లు ఉంటది. రాత్రి పందులు రాకుండా కాపలా. సరే, అర్థమైంది. సంగటిది కాదు గొప్ప, గొర్రెలది.

వెట్_ప్రొద్దుటూరు | నవంబర్ 11, ఉదయం 9:00

రైతన్నా, ఉడికిన కోడి ఎముకలు మాత్రం మానేయండి. చీలి సూదుల్లా అయి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

పాలకొండ_గాలి | నవంబర్ 12, మధ్యాహ్నం 2:20

కడప నుంచి. మాది బీగిల్, ఆడ, 17 కేజీలు. దానికి చర్మం దురద. స్టెరాయిడ్ మాత్రలు వాడినప్పటినుంచి ఆకలి రాక్షసిలా పెరిగింది. చెత్తబుట్ట పడదోసి ఎర్రగడ్డ (ఉల్లి) పొట్టు కూడా తినబోయింది. ఇది మందుల వల్లే అంటారా డాక్టర్ గారూ? మాత్రలు ఆపేయనా?

వెట్_ప్రొద్దుటూరు | నవంబర్ 12, సాయంత్రం 6:00

మందుల వల్లే అయి ఉండవచ్చు. స్టెరాయిడ్లు ఆకలినీ దాహాన్నీ పెంచుతాయి. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ కూడా అంతే. మీ అంతట మీరు ఆపొద్దమ్మా. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం. రాసిన డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించడమో, వేరే మందుకు మారడమో చేయండి. చెత్తబుట్టకు మూత పెట్టండి. ఉల్లి కుక్క రక్తకణాలను పగలగొడుతుంది, పొట్టు అయినా, సాంబారులో ఉడికినా అంతే. ద్రాక్ష, కిస్మిస్ కూడా దగ్గరికి రానివ్వొద్దు.

లడ్డూ_కర్నూలు | నవంబర్ 13, రాత్రి 10:30

కాగితం పూర్తయింది. రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నా. మూడు రోజులూ కొంచెం అటూ ఇటూగా ఇదే:

పొద్దున ఐదున్నరకు నాన్న టీ తాగేటప్పుడు బిస్కెట్లు 4. ("వాడికివ్వకుండా నేనెట్లా తినేది?")
ఏడింటికి డ్రై ఫుడ్ ఒక గ్లాసు. నేను 100 గ్రాములనుకున్నా. వంటింటి కాటా మీద పెడితే 160. పెద్ద స్టీలు గ్లాసు అది.
ఎనిమిదిన్నరకు అమ్మ చేతి ఇడ్లీలు 2. దోసె రోజైతే ఒకటిన్నర.
పదకొండుకు జేజి అరుగు మీద కూర్చుని బుడ్డలు (వేరుశనక్కాయలు) ఒలుస్తుంది. నాలుగు తనకు, నాలుగు లడ్డూకు. రోజుకు ఒక గుప్పెడు.
ఒంటిగంటన్నరకు పెరుగన్నం. ఇది అసలు నాకు తెలీదు. జేజి పళ్ళెంలో మిగిలిందని పెడుతుంది. నా భార్య చూసిందట, మిగలడం కాదు, వాడి కోసమే ఎక్కువ పెట్టించుకుంటుందట.
నాలుగున్నరకు పాప స్కూలు నుంచి రాగానే బిస్కెట్లు 4.
సాయంత్రం టీ కొట్టులో బన్ను ఒకటి. అది ఆ కొట్టాయన పెడతాడట, డబ్బులు కూడా తీసుకోడు.
రాత్రి ఎనిమిదిన్నరకు చికెన్ అన్నం, గిన్నె నిండా.
పడుకునే ముందు గేదె పాలు ఒక గ్లాసు. ఇది నేనే. నేనే పోస్తున్నా, మొదటి పోస్టులో రాయడం కూడా మర్చిపోయా.

సప్తగిరి_సర్కిల్ | నవంబర్ 13, రాత్రి 10:41

అన్నా, నన్ను మీ ఇంట్లో పెంచుకోండి.

ఫిజిక్స్_మాస్టారు | నవంబర్ 13, రాత్రి 11:20

క్యాలరీలు లెక్క కట్టాను. బిస్కెట్లు రెండు విడతలు 200. డ్రై ఫుడ్ 160 గ్రాములు 575 దాకా. ఇడ్లీలు 130. బుడ్డలు గుప్పెడు, 30 గ్రాములనుకుంటే 170. (నూనె గింజ కదా, 100 గ్రాములకు 560 పైనే.) పెరుగన్నం 220. బన్ను 150. చికెన్ అన్నం 600. పాలు 200. మొత్తం 2,200 పైన.

ఇప్పుడు కావలసింది ఎంతో చూద్దాం. కుక్క ఊరికే పడుకున్నా ఖర్చయ్యే శక్తికి ఒక సూత్రం ఉంది: కేజీల్లో బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించాలి. ఉండాల్సిన బరువు 32 కేజీలనుకుంటే సుమారు 940 క్యాలరీలు. ఆపరేషన్ అయిన, పెద్దగా తిరగని లాబ్ బరువు నిలకడగా ఉంచాలంటే దీనికి ఒకటిన్నర రెట్లు చాలు. మీ ఇంట్లో అంతకంటే బాగా ఎక్కువ పడుతోంది. అదీ మీరు "పెద్దగా తినడు" అన్న కుక్కకు.

బళ్ళారి_చౌరస్తా | నవంబర్ 14, ఉదయం 9:30

ఇదంతా ఆపరేషన్ వల్లే. కోయించకపోతే ఈ గొడవే లేదు. ప్రకృతికి ఎదురెళ్తే ఇంతే.

వెట్_ప్రొద్దుటూరు | నవంబర్ 14, ఉదయం 10:15

సగం నిజం. ఆపరేషన్ తర్వాత కుక్కకు కావలసిన శక్తి సుమారు పావు వంతు తగ్గుతుంది, అదే సమయంలో ఆకలి పెరుగుతుంది. కాబట్టి ముప్పు పెరిగే మాట వాస్తవం. కుట్లు విప్పిన రోజే గిన్నె కూడా తగ్గించాలని చెప్పాల్సిన బాధ్యత మా డాక్టర్లది, మేము చాలాసార్లు చెప్పం. అయితే ఆపరేషన్ బుడ్డలు ఒలిచి పెట్టదు కదండీ.

ప్యాకెట్ వెనక పట్టిక చూసి పెట్టేవాళ్ళు కూడా ఒకటి గమనించండి. 40 కేజీల కుక్కకని రాసిన వరుస చూసి పెడితే, ఆ 40 కేజీలను మీరు పోషిస్తున్నట్టే. ఉండాల్సిన బరువు వరుస చూడాలి.

ఫిజిక్స్_మాస్టారు | నవంబర్ 14, సాయంత్రం 6:30

జాతి సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే లడ్డూకు అన్యాయం. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక చిన్న ముక్క ఊడిపోయి ఉండటం కనిపెట్టారు. సుమారు నాలుగు లాబ్‌లలో ఒకదానికి ఉంటుంది. తిన్నాక "చాలు" అని మెదడుకు చెప్పే సంకేతం వాటిలో సరిగ్గా తయారవదు. 2024లో ఇంకో సంగతి తేలింది. అలాంటి కుక్కలు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తి కూడా పాతిక శాతం దాకా తక్కువ. అంటే వాడు కంచం దగ్గర కూర్చుని అలా చూడటం నటన కాకపోవచ్చు, నిజంగానే ఆకలి వేస్తుండవచ్చు. లాబ్ ఒక్కటే కాదు, బీగిల్, పగ్, కాకర్ స్పానియల్, డాషుండ్, గోల్డెన్ రిట్రీవర్ కూడా తేలిగ్గా లావెక్కేవే.

బళ్ళారి చౌరస్తా గారికి ఇంకొకటి. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్ కూనలను జతలుగా పెంచారు. జతలో ఒకదానికి రెండోదాని కంటే పావు వంతు తక్కువ తిండి. చనిపోయేదాకా చూశారు, 14 ఏళ్ళు పట్టింది. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్ళు బతికితే, రెండో గుంపు 11.2 దగ్గర ఆగింది. కీళ్ళ నొప్పులు కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చాయి.

బళ్ళారి_చౌరస్తా | నవంబర్ 14, రాత్రి 9:00

మాది చివరి రెండేళ్ళు వెనక కాళ్ళు ఈడ్చేది. వయసు అనుకున్నాం.

చీకూ_అమ్మ | నవంబర్ 15, మధ్యాహ్నం 12:10

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. మాది అనంతపురం. మా చీకూ పగ్, 12 కేజీలు. ఎనిమిది దాటకూడదని తర్వాత తెలిసింది. రెండేళ్ళ కింద ఏప్రిల్‌లో తగ్గించాలని పట్టుబట్టి వాకింగ్ మొదలుపెట్టా. పిల్లలను స్కూలుకు పంపి ఎనిమిదిన్నరకు తీసుకెళ్ళేదాన్ని. మూడో రోజు తిరిగి వస్తూ గేటు ముందు పడిపోయాడు. నాలుక నీలంగా అయిపోయింది. బద్ధకం అనుకుని ఒక నిమిషం లాగాను కూడా. ఆటో దొరికి, మొదట వెళ్ళిన చోట తలుపులు వేసి ఉండి, రెండో చోటికి చేరేసరికి అయిపోయింది.

మన ఎండల్లో లావు కుక్కను ఒక్కసారిగా నడిపించొద్దు. అంతే చెప్పాలనుకున్నా.

వెట్_ప్రొద్దుటూరు | నవంబర్ 15, మధ్యాహ్నం 1:00

అమ్మా, మీరు రాసినందుకు ఒక్క కుక్కయినా బతుకుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ నోటిగుండానే వేడి పోగొట్టుకోవాలి. పగ్‌కు ముక్కు పొట్టి, గాలి దారి ఇరుకు. పైన కొవ్వు దుప్పటిలా కప్పి ఉంటుంది. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 చిల్లర డిగ్రీలు, 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. అలా పడిపోతే ముందు అక్కడికక్కడే మామూలు కుళాయి నీళ్ళు ఒళ్ళంతా పోసి, గాలి తగిలేలా చేస్తూ, అప్పుడు ఆసుపత్రికి బయలుదేరాలి. తడిగుడ్డ కప్పి వదిలేయొద్దు, వేడి లోపలే నిలిచిపోతుంది.

లడ్డూ_కర్నూలు | నవంబర్ 17, రాత్రి 10:00

నిన్నటినుంచి మొదలుపెట్టాం. మొదటి రోజే యుద్ధం. డాక్టరు సూచనతో బరువు తగ్గించే డ్రై ఫుడ్ తెచ్చి, పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతున్నాం. మామూలు ఫుడ్‌నే సగానికి కోసేస్తే ప్రొటీను, విటమిన్లు కూడా సగమైపోతాయట. రోజుకు సరిపడా కాటా వేసి పొద్దున్నే ఒక డబ్బాలో పోస్తున్నా. డబ్బా అయిపోతే ఆ రోజుకు అయిపోయినట్టే.

నాన్న ఒప్పుకున్నారు. పాప ఒప్పుకుంది. జేజి మాత్రం "మూగజీవిని ఎండగడతారా, పాపం తగులుతుంది" అని మధ్యాహ్నం తనూ తినలేదు. గంజి కరువు రోజులు చూసిన మనిషి. వాళ్ళ ఊళ్ళో వాకిట్లో కుక్క డొక్కలు కనపడితే ఆ ఇంటికి మాట వచ్చేదట. ఇప్పుడు ఏం చేయాలి? రాత్రి కూడా కంచం ముందు కూర్చుని లేచిపోయింది.

పాలకొండ_గాలి | నవంబర్ 17, రాత్రి 10:25

తమ్ముడూ, జేజి చేతినుంచి పెట్టడం తీసేయొద్దు, చేతిలో ఉన్నది మార్చు. పొద్దున తూచిన డబ్బాలోంచి రెండు గుప్పెళ్ళు తీసి జేజికి ఒక చిన్న సీసాలో ఇవ్వు. బుడ్డలు తను తింటుంది, సీసాలోది వాడికి ఒక్కో గింజా పెడుతుంది. వాడికి కావలసింది పెట్టే మనిషి, పెట్టినది ఏదైనా పర్వాలేదు.

(బుడ్డలంటే చెనిక్కాయలని తెలిసినా, మా వైపు ఆ మాట అంటే వేరే గుర్తొస్తుంది.)

వెట్_ప్రొద్దుటూరు | నవంబర్ 18, ఉదయం 6:40

పాలకొండ గాలి గారు చెప్పినట్టే చేయండి. అదనంగా పెట్టేవన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటొద్దు. కీరదోస ముక్కలు, క్యారెట్, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్ పెట్టొచ్చు. తగ్గుదల వారానికి ఒంటి బరువులో ఒక శాతం దగ్గర ఉంటే చాలు. తొందర వద్దు.

లడ్డూ_కర్నూలు | డిసెంబర్ 14, రాత్రి 8:50

40.1. క్లినిక్ దాకా వెళ్ళే పని లేకుండా నాన్న స్నేహితుడి ఉల్లిగడ్డల మండీలో కాటా ఎక్కిస్తున్నాం. హమాలీలు "ఈ మూట ఏ రేటుకు పోతుంది" అని అడుగుతున్నారు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాం, మామూలుగానే ఉంది.

జేజి సీసా పని చేసింది. హార్లిక్స్ సీసా ఇచ్చాం, వక్కాకు సంచి పక్కనే పెట్టుకుంటుంది. ఒక్కో గింజ పెడుతూ వాడితో ఏదో మాట్లాడుతుంది, అరగంట పడుతుంది. టీ కొట్టాయనతోనే కష్టం. వద్దంటే నొచ్చుకున్నాడు. నాన్న దారి మార్చేశారు. ఇప్పుడు అవుట్‌డోర్ స్టేడియం వైపు, 2 కిలోమీటర్లు, మధ్యలో ఆగడం లేదు.

లడ్డూ_కర్నూలు | జనవరి 18, రాత్రి 9:30

పండుగకు ముందు 39.0. ఇవాళ 39.5. చుట్టాలు పన్నెండు మంది వచ్చారు. ఓలిగలు (బొబ్బట్లు) ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ పెట్టలేదట!

సప్తగిరి_సర్కిల్ | జనవరి 18, రాత్రి 9:37

లడ్డూ మెడలో బోర్డు కట్టన్నా, "నేను తినేశాను" అని. మా పక్కింటివాళ్ళు అలాగే కట్టారు. అతిథులు నవ్వుకుంటారు, కానీ పెట్టరు.

చీకూ_అమ్మ | జనవరి 19, ఉదయం 10:00

అరకేజీకి దిగులు పడొద్దు తమ్ముడూ. మళ్ళీ తూచడం మొదలుపెట్టు.

లడ్డూ_కర్నూలు | మార్చి 8, రాత్రి 9:10

37.1. పోయిన వారం గట్టిగా నొక్కకుండానే మొదటిసారి పక్కటెముక తగిలింది. పాప కూడా తడిమి చూసి తన చెయ్యి తడుముకుంది. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు. వీధిలో మాత్రం "ఏం, కుక్కకు జబ్బా, అట్లా చిక్కిపోయింది" అని అడుగుతున్నారు. నిన్న ఒకాయన అడిగితే జేజి, "డాక్టరు చెప్పినాడు, లెక్క ప్రకారం పెడుతున్నా" అంది. లెక్క తనదే అన్నట్టు!

ఇప్పుడు ఎండలు మొదలయ్యాయి. వాకింగ్ ఏ టైముకు మార్చాలి డాక్టర్ గారూ? కేసీ (కర్నూలు-కడప) కాలవలో ఈత కొట్టించమని ఒకరు చెప్పారు.

వెట్_ప్రొద్దుటూరు | మార్చి 9, ఉదయం 6:10

బాగా చేశారు. కాలవలో వద్దు, ప్రవాహానికి వాడు నిలవలేడు, గట్లు జారుడు. పొద్దున ఐదింటికి బయలుదేరి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండండి. సాయంత్రం చీకటి పడ్డాక రోడ్డు చల్లారిందో లేదో మీ చెయ్యి వెనకవైపు ఆనించి చూడండి. అయిదారు సెకన్లు ఆనించలేకపోతే వాడి పాదాలూ ఆనించలేవు. మే నెలలో దూరం సగం చేసి, ఆ మేరకు డబ్బా కూడా కొద్దిగా తగ్గించండి. నీళ్ళు వెంట తీసుకెళ్ళండి.

లడ్డూ_కర్నూలు | మార్చి 9, రాత్రి 8:45

రేపటినుంచి 4:45కి అలారం. నాన్న కొంచెం గొణిగారు కానీ, అంత పొద్దున ఆ టీ కొట్టు ఎలాగూ తెరవడు.